గాలానికి చుట్టిన జరీ

దమ్మామ్, సౌదీ. డిసెంబర్, గురువారం రాత్రి.

నా భార్య లత, మా పిల్ల ఊరికి పోతున్నరు, వాళ్ళ సామాన్లు ఇయ్యాల కట్టినం. కుటుంబాన్ని ఇక్కడ ఉంచుకుంటే సర్కారుకు కట్టే లెవీ తలకింత అని ఏటేటా పెంచుతున్నరు. ఇగ నా జీతంల ముగ్గురం ఇక్కడుండుడు అయ్యేటట్టు లేదు. ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టిచ్చిన, ఇగ మల్ల రాకుండ పోవుడే.

లత పెండ్లి పట్టుచీర మడత పెట్టుకుంట ఆగింది. లోపలికి దోపుకునే కొసకు అంచు జరీ లేదు, పోగులు తేలినయ్.

"ఎలుక కొరికిందా ఏంది?" అన్నది.

ఔ అంటే అయిపోతుండె. కానీ నా కండ్లు బల్ల మీదికి పోయినయ్, ఆమె కండ్లు గూడ అటే వచ్చినయ్. బల్ల మీద నేను కట్టిన గాలం ఈగలున్నయ్. మా పాత ఇంగ్లండ్ మేనేజర్ నేర్పిండు. వాళ్ళ దేశంల ట్రౌట్ చేపకు గాలం మీద ఈకలు, దారం చుట్టి ఈగ లెక్క చేస్తరట. చలికాలం చేప మందకొడిగ ఉంటది, ఈగ చిన్నగుండాలె, జెర మెరవాలె అనేటోడు. ఇక్కడి సముద్రం చేపలు గూడ దానికి పడ్తయ్. ఆ మెరుపు కోసమే జరీ పీకిన. కట్టుకుంటే కనపడని కొసనే గదా అనుకున్న.

"అడిగితే నేనే తీసియ్యకపోదునా?" అన్నది లత. తిట్టలే.

తిడితే బాగుండు. ఆమెకు తెల్వనిది ఇంకోటున్నది. ఎగ్జిట్ పడ్డదని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా మనసుల ముందుగాల మెదిలింది, ఇగ సెలవు శుక్రవారాలన్నీ సముద్రం కాడనే అని. థూ, నా బతుకు.

వాళ్ళు పండుకున్నంక ఈగల డబ్బా దాచిపెడ్దామని తీసిన. అండ్ల చిన్న కాగితం పొట్లం ఉన్నది. చీర ఆ కొసకే ఉన్న రెండో అంచు జరీ గూడ లతనే పీకి, చిక్కు పడకుండ చుట్టి పెట్టింది.