నా పేరు మీద కారు

జూలై 1, మంగళవారం. పొద్దున్న 6.10

ఒకటో తారీఖు. స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గ్రామ సచివాలయం నుంచి సింధూర ఆరింటికల్లా బయల్దేరుతుంది. వేలిముద్ర తీసుకుని, పింఛను చేతిలో పెట్టి, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటుంది. ఆ ఫొటో కోసమే ఇస్త్రీ. అరవై నాలుగేళ్ల ముసలిదాని ఫొటో ఈ ముదినేపల్లిలో ఇంకెవరు తీస్తారు గనక!

అదే రోజు. 10.40

మా వీధిలో అందరిళ్లకీ వెళ్లింది. నా గుమ్మం దాటి పోతుంటే కేకేశాను. తల దించుకుని, మామ్మగారండీ, ఈ నెల లిస్టులో మీ పేరు రాలేదండీ, రేపు ఆఫీసుకి రండి చూద్దాం అంది.

ఫొటో తీయలేదు. చీర మడతపెట్టేశాను.

జూలై 2, బుధవారం

నా పేరు మీద ఫోర్ వీలర్ ఉందట. కారున్నవాళ్లకి పింఛను ఇవ్వరట. సింధూర కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. ఆఫీసులో ఉన్నవాళ్లంతా ముందు నా మొహం చూశారు, తరవాత నా హవాయి చెప్పులు చూశారు. ఏదో పొరపాటు జరిగుంటుందండీ అని ఆ పిల్ల తెగ జాలిపడిపోయింది.

పొరపాటు కాదు. ఉంది. తెల్ల కారు. నడిపేది మా వెనకింటి బుల్లిరాజు.

ఇది రాస్తే గానీ నా కడుపు ఉబ్బరం తీరదు. బుల్లిరాజు కౌలుకి వరి, ఒక చేపల చెరువు చేస్తాడు. కిందటి కార్తీకంలో ఫోన్‌లో సెకండ్ హ్యాండ్ కారు బొమ్మ చూపించి, అమ్మగారండీ, నాకు బళ్లు అచ్చిరావడం లేదండీ, రెండు మోటారు సైకిళ్లూ కాలవలో పడ్డాయండీ, మీరొకసారి పంచాంగం చూసి పెట్టండీ అన్నాడు. మా ఆయన దక్షిణామూర్తిగారు పోయి ఆరేళ్లయినా, పురోహితుడి ఇల్లు కదా, పంచాంగానికి జనం నా దగ్గరికే వస్తారు. చూశాను. నీ నక్షత్రానికి వాహనం పనికిరాదు, శతభిషం వాళ్ల పేరున కొనుక్కో అన్నాను. అలాంటివాళ్లు ఎవరున్నారండీ అన్నాడు. నేను లేనూ అన్నాను.

ఎవరైనా అడిగారా నన్ను? ఆధార్ కార్డు నేనే తీసిచ్చాను. సంతకాలు చూపించిన చోటల్లా పెట్టాను. ద్వారకా తిరుమలలో బండికి పూజ చేయిస్తే ఓనరుగారు ముందు సీట్లో కూర్చోవాలండీ అని కూర్చోబెట్టారు. బెల్టు కూడా పెట్టారు. దారంతా కిటికీ దించుకుని మహారాణిలా చూశాను. మర్నాడే వెనక సీటు పీకేసి చేపల ట్రేలు పెట్టేశాడనుకోండి.

ఊళ్లో మేడలున్నవాళ్లు తమ కార్లు బావమరిది పేరునా, అల్లుడి పేరునా పెట్టి పింఛన్లు నిలబెట్టుకుంటున్నారు. ఎవరి కారో నా పేరున పెట్టుకుని ఉన్న పింఛను ఊడగొట్టుకున్నది నేనొక్కదాన్నే. పైగా చచ్చినా చేప ముట్టని ఇంటిదాన్ని, చేపల బండికి ఓనర్ని.

జూలై 5, శనివారం

బుల్లిరాజుకి చెప్పాను. తల కొట్టుకున్నాడు. ఎంత పని జరిగిందండీ, రేపే పేరు మార్పించేద్దామండీ అన్నాడు. అన్నాడే గానీ కదల్లేదు. అతని వెనక కుసుమ నిలబడి ఉంది, పొట్ట మీద చెయ్యేసుకుని.

కుసుమ అతని పెళ్లాం. పెళ్లయి తొమ్మిదేళ్లు. రెండుసార్లు కడుపు పోయింది. కారు వచ్చిన రెండు నెలలకి నెల తప్పింది. ఇప్పుడు ఏడో నెల. ఈ ఎండాకాలం చుట్టుపక్కల చెరువుల్లో గాలి అందక చేపలు తెల్లారేసరికి తేలిపోతే, వీళ్ల చెరువులో ఒక్క చేప పోలేదు. అంతా మీ పేరు చలవేనండీ అని ఇద్దరూ నన్ను చూసినప్పుడల్లా అంటారు. ఇప్పుడు ఆ పేరే తీసేయాలి.

పురుడు వచ్చేదాకా ఆగండీ అని కుసుమ అనలేదు. అంటే కోపం తెచ్చుకుందును. అనలేదు కాబట్టి, పురుడయ్యేదాకా ఆగుదాంలే అని నేనే అనేసి వచ్చాను.

ఇంటికొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. పెద్ద దానకర్ణుణ్ణి బయల్దేరాను.

జూలై 7, సోమవారం

సింధూర ఇంటికొచ్చి మరీ చెప్పింది. బండి ఇంకొకరి పేరుకి మారుస్తున్నట్టు కాగితాలతో ఆగస్టు పదో తారీఖులోగా అర్జీ పెట్టుకోవాలిట. గడువు దాటితే పేరు పూర్తిగా తీసేస్తారట. మళ్లీ కొత్త పింఛన్లకి అర్జీలు ఎప్పుడు తీసుకుంటారో ఆ పిల్లకే తెలియదట.

కుసుమకి డాక్టరు చెప్పింది సెప్టెంబరు నెలాఖరు.

జూలై 13, ఆదివారం

తాడేపల్లిగూడెం నుంచి మరిది ఫణికుమార్ ఫోన్. ఈ కబురు గాలికి వెళ్లిందో, వాట్సాప్‌లో వెళ్లిందో! ఒక్కదానివీ ఎందుకు వదినా, గది ఖాళీ చేసి వచ్చెయ్, మాకూ తోడుగా ఉంటుంది అన్నాడు. తోడంటే నాకు తెలుసు. ఆయన పోయాక మూడేళ్లు చేశాను ఆ తోడు. పొద్దున్న అయిదింటి కాఫీ నుంచి రాత్రి పాలు తోడెయ్యడం దాకా నాదే. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే చుట్టూ చూసి తీసేదాన్ని. నాకు నచ్చిన కూర మూడేళ్లలో ఒక్కసారి వండుకోలేదు, వాళ్లకి కాకరకాయ పడదు.

పింఛను శాంక్షనయిన నెలే ఈ గది అద్దెకి తీసుకున్నాను. మొదటిరోజు కాకరకాయ పులుసు పెట్టుకుని, తలుపు గడియ పెట్టుకుని, మొత్తం నేనే తిన్నాను. నా తాళం, నా చెవి. గవర్నమెంటు నాకు డబ్బిచ్చిందని అందరూ అంటారు. డబ్బా అది? గడియ.

ఆలోచించి చెప్తానన్నాను.

జూలై 20, ఆదివారం

కందిపొడి పొట్లాలు కట్టి అమ్ముదామని మొదలుపెట్టాను. మిక్సీ కాలిపోయింది.

ఆగస్టు 1, శుక్రవారం

మళ్లీ ఒకటో తారీఖు. తలుపు వేసుకునే కూర్చున్నాను. కిటికీ సందులోంచి చూడకూడదనుకుంటూనే చూశాను. ఎదురింటి యేసమ్మ నవ్వమంటే నవ్వదు, పళ్లు లేవని సిగ్గు. ఈవేళ ఎంత నవ్విందో. డబ్బు కొంగున ముడేసుకుని, మనవడితో నువ్వుండరా, నాకు కావలసిన మందులు నేనే కొనుక్కుంటాను అంటోంది. ఆ గొంతులో పవరు చూడాలి.

ఇంటాయన అద్దె ఇంకో నెల ఆగుతానన్నాడు. మంచివాడే. అయినా ఆగమని అడగడమే కదా కష్టం.

ఆగస్టు 5, మంగళవారం. సాయంత్రం

ఈవేళ మధ్యాహ్నం నుంచి మూలా నక్షత్రం. నా నక్షత్రం.

రాసేశాను. అరవై నాలుగేళ్లలో మొదటిసారి.

నాది శతభిషం కాదు, మూల. మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమని సంబంధాలు తప్పిపోతుంటే, మా నాన్న నా జాతకం మార్చి రాయించాడు. సూర్యకాంతం, ‘సూ’ అక్షరం శతభిషానికి సరిపోతుంది కదా అని. పెళ్లయింది. పధ్నాలుగు నెలలకి మామగారు పోయారు. డెబ్బై ఎనిమిదేళ్లు, ఆయాసం, రోజుకో కట్ట చుట్టలు. అయినా నేనే చంపేశానని నలభై ఏళ్లు లోలోపల కుమిలిపోయాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఎంత మంచాయన! చెప్పుంటే నవ్వేసి ఉండేవాడు. ఇప్పుడనిపిస్తోంది.

మధ్యాహ్నం బుల్లిరాజు ఇంటికెళ్లాను. ఇద్దరినీ కూర్చోబెట్టాను. నాది శతభిషం కాదు, మూల, నీకు అబద్ధం చెప్పి కారు నా పేరున పెట్టించాను, ఎందుకంటే ఆ తెల్ల కారు బొమ్మ చూడగానే ఒక్కసారి నా పేరు మీద ఏదైనా ఉంటే బాగుండునని ఆశ పుట్టింది అన్నాను. నా పేరులో చలవా లేదు, వల్లకాడూ లేదు, కాబట్టి తీసేసినా మీకేం కాదు, నా పింఛను నాకు ఇప్పించండి అన్నాను. అంతా ఒక్క ఊపిరిలో అనేశాను.

కుసుమ లేచి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. నాకు కాదు, అతనికి.

ఆగస్టు 6, బుధవారం

రోజూ మా గుమ్మం దగ్గర హారన్ కొట్టి పోతాడు. ఈవేళ కొట్టలేదు.

ఆగస్టు 7, గురువారం

పొద్దున్నే హారన్! ఆగకుండా కొట్టాడు, వీధి వీధంతా లేచింది.

ట్రాన్స్‌ఫర్ కాగితాలు పట్టుకొచ్చాడు. బండి కుసుమ పేరుకి మారుస్తాడట. రెండురోజులు చెరువు గట్టు మీద కూర్చుని ఆలోచించాడట. శతభిషమని అబద్ధమే చెప్పారనుకోండీ, మరి చేపలు బతికింది అబద్ధం కాదు కదండీ, కడుపు నిలబడింది అబద్ధం కాదు కదండీ, అది నక్షత్రం వల్ల కాకపోతే మీ వల్లేనండీ, పేరు కారు మీద ఉంటేనేం, మీరు మా వెనకింట్లోనే ఉంటారు కదండీ అన్నాడు. అదేం లాజిక్కో వాడికే తెలియాలి. మరి నిన్న హారన్ ఎందుకు కొట్టలేదయ్యా అన్నాను, రాత్రంతా నాకు నిద్ర లేదు. బ్యాటరీ దిగిపోయిందండీ అన్నాడు.

ఓరి నీ బ్యాటరీ!

సంతకాలు పెట్టాను. చివరి సంతకం దగ్గర చెయ్యి కాస్త ఆగింది. తొమ్మిది నెలలు కారున్నదాన్ని. కుసుమ గ్రహించి, ముందు సీటు ఎప్పటికీ మీదేనండీ అంది.

ఆగస్టు 8, శుక్రవారం

ఆ కాగితాలు జతచేసి, గడువుకి రెండ్రోజులు ముందుగానే అర్జీ ఇచ్చాను. సింధూర రసీదు చేతికిచ్చి, కారు అమ్మేశారా మామ్మగారండీ అని ఆటపట్టించింది. ఆ, మైలేజీ రావడం లేదు అన్నాను. ఆఫీసంతా నవ్వులు.

సెప్టెంబరు 1, సోమవారం

ఇంకా పైనుంచి రాలేదు. వచ్చే నెలకి ఖాయం అంటోంది సింధూర. ఫణికుమార్‌కి మాత్రం నేనే ఫోన్ చేసి చెప్పేశాను, నేను రాను నాయనా, పండక్కి మీరే రండి, కాకరకాయ తప్ప ఏదడిగితే అది చేసిపెడతాను అని.

సెప్టెంబరు 29, సోమవారం. రాత్రి 8

అక్షరాలు వంకర పోతే పోనీ, ఇది ఈవేళే రాసెయ్యాలి.

పొద్దున్న ఎనిమిదింటికి కుసుమకి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే బయల్దేరామన్నారు గానీ బుల్లిరాజు ఆగితేనా! ఎదురెళ్దామండీ అంటూ కారు తీశాడు. ముందు సీటు వెనక్కి వాల్చి కుసుమని పడుకోబెట్టాం. ముందు సీటు ఎప్పటికీ నాదే అన్న మాట ఆ రకంగా మొదటి ట్రిప్పుకే పోయింది. నేను వెనకాల చేపల ట్రే బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను. శీలావతుల వాసన! ముక్కు మూసుకుందామంటే రెండు చేతులూ కుసుమ పట్టేసుకుంది. అంబులెన్సు దారిలో తగల్లేదు గానీ, కైకలూరులో డాక్టరమ్మ చూసి, టైముంది, ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అంది. కొల్లేరు రోడ్డంతా నీళ్లూ, గూడబాతులూ. అటు చూడవే, ఇటు చూడవే అని ఆ పిల్లని మాటల్లో పెడుతూ లలితా సహస్రం సగం తప్పులు చదివాను. నాలాంటిది ఎదురొస్తే జనం ఆగి కాళ్లు కడుక్కుంటారు. ఈ పిల్ల నా చేతుల్ని వదలనే లేదు.

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పైసా ఖర్చు లేదు.

అప్పుడు అడిగాడు బుల్లిరాజు, నక్షత్రం ఏమిటండీ అని. నాకు పంచాంగం అక్కర్లేదు. దసరాల్లో మూలా నక్షత్రం ఎవరికి తెలియదు? బెజవాడలో అమ్మవారికి సరస్వతీ అలంకారం, కొండ కింద లక్షమంది క్యూ. ఈవేళే. కానీ తండ్రి మొహం చూసేసరికి పూర్వాషాఢ అందామా అని నోటిదాకా వచ్చింది. మా నాన్న కూడా ఇలాగే, ఇంత ప్రేమతోనే, అబద్ధం రాయించి ఉంటాడు.

మూల, అన్నాను.

వార్డంతా అదిరిపోయేలా అరిచాడు, మూలండీ, మా అమ్మగారి నక్షత్రమండీ అని! ఎవరో ముసలావిడ అయ్యో శాంతి చేయించాలి బాబూ అంటే, చేయిద్దామండీ, ముందు స్వీటు తీసుకోండీ అని ఆవిడ నోట్లో పూతరేకు కుక్కాడు. నర్సమ్మ తిట్టింది. కుసుమ నవ్వుతూ ఏడ్చింది. నేను వరండాలోకి వెళ్లి, గోడవైపు తిరిగి, తనివితీరా ఏడ్చాను. ఇంత సంతోషం నాకు ఊహ తెలిశాక లేదు.

అక్టోబరు 1, బుధవారం. 6.30

పాప జాతకం నన్నే రాయమన్నారు. తెల్లారగట్లే లేచి కాగితానికి పసుపు రాసి మొదలుపెట్టాను. జన్మ నక్షత్రం: మూల. రెండుసార్లు దిద్ది లావుగా రాశాను.

సింధూర వచ్చింది. లిస్టులో నా పేరు ఉంది. వేలు పెడితే మిషన్ తీసుకోలేదు, నిండా పసుపు. కడుక్కొచ్చి పెట్టాను. తీసుకుంది. ఫొటోకి నవ్వమంది.

అప్పటికే నవ్వుతున్నాను.