ఒత్తిడి అంటే ఏమిటో అమ్మను అడుగు

తిరుపతి,
ఆదివారం

చిరంజీవి తమ్ముడు వెంకటమునికి అక్క ఆశీస్సులు. ఇక్కడ మేం బాగున్నాం. నగరిలో అందరూ క్షేమమని నువ్వు రాసింది మాత్రం నిజం కాదు. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను.

అమ్మకు రొమ్ము కాన్సర్. ఆరు కీమోల్లో రెండు అయ్యాయి. మూడోది పోయిన మంగళవారం. నువ్వు తీసుకురాలేదు. "ఆసుపత్రి చూస్తే అమ్మకు దిగులు. దిగులు పడితే గడ్డ పెరుగుతుంది. మనశ్శాంతి చాలదా?" అని అడిగావు. చాలదు. డాక్టరును అడిగే రాస్తున్నాను. ఒత్తిడి వల్లనే కాన్సర్ వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఉన్నదాన్ని ముదరబెడుతుందా అన్నది ఇంకా పరిశోధిస్తున్నారు. మందు మధ్యలో ఆపితే ముదురుతుందన్న దాంట్లో మాత్రం అనుమానం లేదు.

అంతటితో ఆగావా? ఆమెను ఏడవనివ్వడం కూడా లేదు. నిన్న మీ పక్కింటి యశోదమ్మ ఫోన్ నుంచి అమ్మ నాతో మాట్లాడింది.

"నవ్వతా ఉండమంటాడు లోకా, నీ తమ్ముడు. పొద్దస్తమానం టీవీలో ఆ కామెడీలే. నవ్వి నవ్వి దౌడలు పీకతా ఉండాయి. మొన్న బాత్రూములో రవ్వంత ఏడ్సినాను. గడ్డ పెరిగింటాదంటావా?"

రోగం తానే తెచ్చుకున్నానని ఆమె నమ్ముతోంది. నమ్మించింది నువ్వు. దీన్ని నేను క్షమించలేను.

ఇంత కోపంలోనూ ఒక మాట దాచాను. నువ్వు ఆమెకు చదివి వినిపించే పేపరు ముక్క, 'కాన్సర్‌ను పెంచేది ఒత్తిడే', దాని కింద నా పేరుంది. ఆదివారం పేజీ నింపడానికి రాశాను. ఒక్క డాక్టరునూ అడగలేదు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పోయినేడు వైద్య శిబిరంలో నర్సును గడ్డ ఎందుకు చూడనివ్వలేదని నిన్న అమ్మను అడిగాను.

"ఒత్తి సూస్తాననింది. ఒత్తిడితోనే పెరుగుతాదని నువ్వే గదా రాసినావు?"

అప్పుడే చూసి ఉంటే ఎనిమిది నెలలు ముందు తెలిసేది. ఆ ఎనిమిది నెలలకు జవాబుదారీ నేను. తప్పు ఒప్పుకుంటూ సవరణ రాసి, నా పేరుతోనే పేపరు ఆఫీసులో ఇచ్చాను.

ఆగిన మూడో కీమో వచ్చే మంగళవారం ఇవ్వడానికి డాక్టరు ఒప్పుకున్నారు. పొద్దున ఆరింటికి కారు తెస్తాను. నువ్వు అడ్డుపడతావేమో అన్నాను అమ్మతో.

"వాడు తలుపేసుకుంటే వేసుకోనీ. నేను ఐదింటికే యశోదమ్మ వాకిట్లో కూసోనుంటాను. ఆడికే రా."

నీకు కారులో చోటుంది. రాదలిస్తే నువ్వూ ఆ వాకిట్లోనే ఉండు.

ఇట్లు,
తప్పు రాసిన నీ అక్క
లోకేశ్వరి