నజ్లా మేడమ్ నాటకంలో పదకొండో పేజీ

అల్ కుసైస్,
నవంబర్ 11, 2024

సుభాషిణక్కా,

నజ్లా మేడమ్ నాటకంలోంచి పదకొండో పేజీని చింపేశారు. చింపినవాడు మన తెలుగు సంఘం కార్యదర్శి వీరరాఘవరావు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు గుర్తు పంపుతావు. అందుకే కాగితం మీద రాసి, బనియాస్‌లో నీ ఆసుపత్రి వైపు వచ్చే బస్సు డ్రైవర్ నూర్ మొహమ్మద్ చేతికిస్తున్నాను.

మేడమ్ ఎవరో నీకు తెలియాలి. పాలస్తీనా నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు అమెరికాలో పుట్టిన నాటక రచయిత్రి, నజ్లా హద్దాద్. ఇరవై ఏళ్లలో పదకొండు నాటకాలు రాశారు. ఒక థియేటర్ టికెట్లు అమ్మాక ప్రదర్శన ఆపేసింది. ఇంకొకటి ఊరి పేరు తీసేయమంది. మరొకటి సిపాయి పాత్రను కాస్త మంచివాణ్ణి చేయమంది. అలా జరిగిన ప్రతిసారీ ఆమె కాగితాలు చంకన పెట్టుకుని ఏ చర్చి నేలమాళిగలోనో, బట్టలుతికే దుకాణంలోనో ఆడించారు. ఈ ఏడాది అబుదాబిలో పాఠాలు చెబుతూ, సెలవు రోజున మా లేబర్ క్యాంపుకొచ్చి కూలీలకు నాటకం నేర్పుతున్నారు.

ఇప్పుడు సంఘం వార్షికోత్సవంలో ఆడాల్సింది ఆమె రాసిన చిన్న నాటకం. చెక్‌పోస్టు దగ్గర వరుసలో ఇద్దరు ఆడవాళ్లు, చేతుల్లో ఆలివ్ పచ్చడి సీసాలు. సిపాయి మూత తీయమంటాడు. వాళ్లు మాత్రం ఎవరి పచ్చడిలో ఉప్పు తక్కువ అని పోట్లాడుకుంటూ ఉంటారు. తెలుగు చేసింది నేనే. పదకొండో పేజీలో, ఇద్దరిలో పెద్దదైన అత్త సీసా కింద పెట్టి, ప్రపంచ శ్రామికులందరి తరఫున సిపాయిని నిలదీస్తుంది. రాస్తుంటే నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"బాబూ, వార్షికోత్సవం పూట ఉపన్యాసాలెందుకయ్యా. ఉప్పు గొడవ ఉంచు, జనం నవ్వుతారు. ఈ పేజీ ఖలాస్," అన్నాడు వీరరాఘవరావు, ఏసీ గదిలో సమోసా తింటూ. నూనె చేత్తోనే చింపాడు. ఆ మనిషంటేనే అసహ్యమేసింది. నాటకం మీకివ్వం అని చెప్పి వచ్చేశాను.

అంతకంటే అసహ్యం మన పర్శరాములు మీద. అత్త వేషం అతనిదే. ఇక్కడ కట్టడాల్లో షట్టరింగ్ పని చేస్తాడు కానీ, ఊళ్లో భాగోతాల్లో ఆడవేషాలు కట్టినవాడు. "పోతే పోనియ్ రాకేశా. గా పేజీల నేను ఆడిమనిషిని గాను, మైకు పట్టిన లీడర్ని. ఉప్పు మాటయితే మా ఇంటామె సాయవ్వ నోట్లకెళ్లి వచ్చినట్టే వస్తది," అన్నాడు. రెండు నెలలు రిహార్సల్ చేసిన మనిషికి ఇంత బానిస బుద్ధా అనిపించింది.

నీ తమ్ముడు,
రాకేశ్


అల్ కుసైస్,
నవంబర్ 19, 2024

అక్కా,

మొన్నటి ఉత్తరంలో మొదటి వాక్యం కొట్టేయి. నాటకాన్ని పాడుచేసింది నేను.

ఆదివారం మేడమ్ వచ్చారు. చింపిన పేజీ ఏదో ఇంగ్లీషులో చెప్పమన్నారు. మెస్సు బల్ల మీద చరిచి మరీ చెప్పాను. ఆమె చివరిదాకా విని, "ఇది నేను రాయలేదు," అన్నారు.

మీరు చెప్పాలనుకున్నదే గట్టిగా చెప్పాను మేడమ్, అన్నాను.

"ఇరవై ఏళ్లుగా థియేటర్ల వాళ్లు నా మనుషుల నోట్లోంచి మాటలు లాగేశారు. నువ్వు కుక్కావు. వాళ్లు మా అత్తకు భయపడ్డారు. నువ్వు మా అత్తను చూసి సిగ్గుపడ్డావు."

ఆ సీసా నిజంగా వాళ్లత్తదేనట. సిపాయి మూత తీసి వేలు పెట్టినా, ఆమె వాడివైపు తల తిప్పలేదట. పక్కామెతో ఉప్పు గురించే మాట్లాడుతూ ఉందట. "వాడు అక్కడ లేనట్టే నిలబడింది. అది నీకు చాలలేదు," అన్నారు మేడమ్.

పర్శరాములు మెల్లగా అన్నాడు: "హైదరాబాద్ ఏర్‌పోర్టుల నా మామిడి తొక్కు సీసల గూడ ఒకడు కట్టె పెట్టి కలిపిండు. నేను ఆనితోని మాట్లాడలే. ఉప్పు సరిపోయిందా అని మా సాయవ్వకు ఫోన్ చేసిన."

ఉప్పు కోసం పోట్లాడే ముసలమ్మ నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా లేదు, అందుకే ఆమె నాకు తక్కువగా కనిపించింది. నా కంటే బుద్ధిగా విన్నవాణ్ణి బానిస అన్నాను. వీరరాఘవరావు మీద అసహ్యం మాత్రం తగ్గలేదు. అతను చింపింది నవ్వుల కోసం, ఆమె మాట కోసం కాదు. అయినా అతనికీ కబురు పెట్టాను. వచ్చి, ఎక్కడ నవ్వాలో ఎక్కడ నవ్వకూడదో చూడనీ.

సంఘం స్టేజీ పోయింది, నా వల్లే. మా మెస్సులో బల్లలు పక్కకు జరిపి, ఆమె రాసింది రాసినట్టు ఆడుతున్నాం. సిపాయి వేషం నాకిచ్చారు, ఎవరూ నావైపు చూడరు. నీ ఆసుపత్రి స్నేహితులను తీసుకురా. ఎవరూ కరపత్రాలు తేవద్దు, ఇంట్లో ఉన్న పచ్చడి సీసా తలా ఒకటి తెచ్చుకోండి. తలుపు దగ్గర నేనే మూతలు తీస్తాను, నాతో మాట్లాడకుండా లోపలికి నడవండి. ఈ ఆదివారం, ఇరవై నాలుగో తేదీ, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు.

రాకేశ్