ఫూల్‌మణి గది ఖాళీ చేయదు

కర్దనూర్,
18 ఆగస్టు 2025

కాలనీ సంఘం అధ్యక్షుడు సూర్యారావుకు,

నా పేరు సంగమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో నేను, వెనక గదిలో కిరాయికి ఫూల్‌మణి, దాని మొగుడు. నీ ఇంటిల్లిపాదీ జ్వరాలు లేకుండా చల్లగా ఉండాలి. నా కొడుకు ఈడువాడివి, అందుకే నువ్వు అనే రాయిస్తున్నాను.

ఫూల్‌మణికి మలేరియా వచ్చిందని, జార్ఖండ్ వాళ్లే రోగం మోసుకొచ్చారని, ఆదివారంలోగా వాళ్లను పంపకపోతే నా నల్లా కట్ చేయిస్తానని వాచ్‌మన్ దశరథ్‌తో చెప్పి పంపావు. దానికి ఏడో నెల. ఈ వానల్లో ఎక్కడికి పోతుంది?

నాకు అక్షరం రాదు గాని కళ్లున్నాయి. దవాఖానలో నర్సు లక్ష్మీప్రసన్న నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి గాజుపలక మీది నెత్తురు చూపించింది. జెర మంచిగ సూడు పెద్దమ్మా, ఇది మలేరియా ఆడ పురుగు, గది మగ పురుగు, మనిషి ఒంట్ల ఎన్ని దినాలున్నా జతకట్టవు, దోమ పీల్చినంకనే దాని కడుపుల కలుస్తయి అంది. అయితే దోమ కడుపే ఫంక్షన్ హాలన్నట్టు అన్నాను. పడీపడీ నవ్వింది. పది పన్నెండు రోజులకు వాటి సంతానం దోమ ఉమ్మిలోకి చేరుతుందట. ఆ దోమ కుట్టినవాడికి జ్వరం.

ఇగ చెప్పు. నడుమ దోమ లేకపోతే ఆ సంసారం సాగుతుందా? ఆ దోమ పుట్టిల్లు మూత లేని నీ సంపు. తోకలాడిస్తూ ఈదే దోమపిల్లలను చెంబుతో ముంచి నీ భార్య హైమావతికి చూపించాను. మావి మంచినీళ్లేనండి, మురికి కాదు అంది. ఈ దోమకు కావలసింది మంచినీళ్లేనమ్మా అన్నాను. తలుపు వేసుకుంది.

ఫూల్‌మణి పోదు. నల్లా కట్ చేస్తే బిందె పట్టుకుని నీ సంపు దగ్గరికే వస్తాను. ముందు దానికి మూత వేయించు.

ఇట్లు,
నీ బెదిరింపుకు జడవని
సంగమ్మ

తా.క. లక్ష్మీప్రసన్న వద్దన్నా ఇది రాయిస్తున్నాను. జూన్‌లో చలిజ్వరం నాకే వచ్చింది. పద్నాలుగు రోజుల మాత్రలిస్తే, జ్వరం తగ్గిందని నాలుగో రోజుకే మానేసి, అన్నీ మింగానని అబద్ధం చెప్పాను. ఇప్పుడు జ్వరం లేదు, పురుగులు మాత్రం ఉన్నాయి. ఆ గాజుపలక మీద చూసింది నా నెత్తురే. ఫూల్‌మణి ఈ ఊళ్లో దిగింది జూలైలో. నన్ను కుట్టిన దోమే దాన్ని కుట్టి ఉంటుంది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను. ఆదివారం పదిమందినీ వెంటబెట్టుకుని రా. ఊళ్లోంచి పొమ్మనేది ఉంటే, నా ముఖం చూసి నన్ను పొమ్మను.

సంగమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
లక్ష్మీప్రసన్న (రాసినది)
పెద్దరాములు (పక్కింటివాడు)