పగిడీ రెండో కొస

కోట్ భాగోకే,
సంగ్రూర్ జిల్లా,
3 మార్చి 1982

సర్దార్ సర్వణ్ సింగ్ గారికి,

బచిత్తర్ సింగ్ ఫతే పలికి నమస్కరిస్తున్నాడు. గురువు దయవల్ల తమరూ, తమ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ గోధుమ కంకి పట్టింది, గేదె ఈనింది, నా మోకాళ్ళు మొరాయించాయి.

మర్యాద అయిపోయింది. ‘ఒరే సర్వణా’ అన్న నోటితో గారూ గీరూ అనడం ఇంతకంటే నా వల్ల కాదు.

బైసాఖీ పండక్కి నా కవితల పుస్తకం వస్తోందని విని, సభకు వస్తానని కూలీ సంఘం వాళ్ళతో కబురంపావట. ఏ మొహం పెట్టుకుని వస్తావురా? మనం గురుద్వారాలో నలుగురి ముందు పగిడీలు మార్చుకుని అన్నదమ్ములమయ్యాం. ఆ రోజు మా అమ్మ ఇద్దరికీ ఒకే గ్లాసులో లస్సీ పోసి, ఇకమీదట ఎవడు తప్పు చేసినా ఇద్దరికీ తగులుతాయని బెదిరించింది. తప్పు నీది. తగిలింది నాకు.

నా పాటలు పాడుకుంటూ కూలీలు భూస్వాముల కోతలు ఆపేసిన ఏడాది గుర్తుందా? నా మీద వారంటు పుట్టింది. చెరకుతోటలో మోటారు గదిలో దాక్కున్నాను. పగిడీ గుడ్డ మడత పెట్టాలంటే చెరో కొసా పట్టుకోవాలి. ఆ గదిలో ఆరు గజాలు చాచే చోటేదీ? తెల్లారగానే నువ్వొచ్చి తలుపు మీద రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టేవాడివి. నేను తలుపు సందులోంచి కొస అందించేవాణ్ణి. నువ్వు అవతలి నుంచి లాగి పట్టేవాడివి.

ఆ రోజు కూడా రెండు, ఆగి ఒకటి. కొస అందించాను. లాగుడు వదులుగా ఉంది.

"రొట్టె తిన్లేదేంట్రా? గట్టిగా లాగు" అన్నాను.

"లాగుతూనే ఉన్నాం కవిగారూ. ఇక బయటికి రండి" అంది ఇంకో గొంతు. ఇన్‌స్పెక్టరుది.

ఆ తట్టుడు నీకూ నాకూ తప్ప ఇంకెవరికి తెలుసు? ఆ పొద్దున ఎక్కడున్నావని సంఘం వాళ్ళు నిలదీస్తే తల దించుకున్నావట. నేను కాదని ఒక్క మాట అనలేకపోయావా? అబద్ధమైనా నమ్మేవాణ్ణి కదరా.

ఠాణాలో నా కళ్ళు పోయాయి. జైల్లో ఏడేళ్ళు కవితలన్నీ నోట్లోనే కట్టి, నోట్లోనే దాచుకున్నాను. మొదట కట్టింది ‘తలుపవతలి చెయ్యి’. అది నీ మీదే. ఇప్పుడు సభల్లో చిన్నపిల్లలు కూడా పాడుతున్నారు. మీ వీధిలో నిన్ను ఆ పేరుతోనే పిలుస్తారని విన్నాను. సంతోషించాననుకోకు, ఆ పూట అన్నం సయించలేదు. పోలీసులు కొడితే ఎక్కడ నొచ్చిందో చెప్పగలను. నువ్వు కొట్టిన దెబ్బ ఎక్కడ నొస్తోందో పదకొండేళ్ళయినా చెప్పలేకపోతున్నాను.

పుస్తకంలో ఆ కవిత కింద, అది ఎవడి మీదో తెలిసేలా నీ పేరు వేయిస్తున్నాను. నీ పగిడీ ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో పంపుతున్నాను. నా పగిడీ తిరిగి పంపనక్కర్లేదు. పొయ్యిలో పెట్టుకో.

ఒకప్పటి నీ అన్న,
బచిత్తర్ సింగ్

తా.క.: మరిదీ, నేను, మీ వదిన నసీబ్ కౌర్‌ని. ఈయన చెబుతుంటే ఈ ఉత్తరమంతా రాసింది నేనే. చదివి వినిపించి, సరే అనిపించుకున్నాక ఈ నాలుగు ముక్కలూ కలుపుతున్నాను.

ఆ వారం పోలీసులు పట్టుకెళ్ళిన ముగ్గురు కుర్రాళ్ళ శవాలు కాలవలో తేలాయి. మా పుట్టింటి ఊరి హవల్దారు వచ్చి, చోటు చెబితే ప్రాణాలతో కోర్టుకు తీసుకెళ్తామని, లేకపోతే కాలవేనని గురువు మీద ఒట్టేశాడు. నమ్మాను. చోటూ, నీకు జ్వరమొచ్చినప్పుడు లేవలేకపోతే నన్ను వెళ్ళమని నువ్వు నేర్పిన తట్టుడూ (నేను వెళ్ళే పని పడనేలేదు) అతనికి చెప్పేశాను. ఆ పొద్దున నిన్ను మందుల కోసం పట్నం తోలింది అందుకే. ఆయన ప్రాణం దక్కింది, కళ్ళు దక్కలేదు. నీకు ఆ సాయంత్రమే అర్థమైంది. "ఆయనకి ఇంట్లో మనిషి కావాలి వదినా. నేను లేకపోయినా గడుస్తుంది" అన్నావు. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు నోరు మూసుకుని బతికాను.

పగిడీ పార్సిల్ కట్టలేదు. పెట్టెలోనే ఉంది. పుస్తకం అచ్చుకెక్కకముందే, ఈ ఆదివారమే రా. నీ ఎదుటే ఆయనకి చెప్పేస్తాను. ఆ కవిత కింద వేయాల్సింది నా పేరు.

రోజూ పొద్దున ఈయన పగిడీకి రెండో కొస పట్టేది నేనే. నా చెయ్యి వణికితే చలేస్తోందా అని అడుగుతారు. అవునంటాను. పోయినేడు నడివేసవిలోనూ అడిగారు. అవుననే అన్నాను.