జశ్వంత్ పోసిన గేర్ ఆయిల్

రంగారెడ్డి జిల్లా, గండిపేట మండలం, పుప్పాలగూడలో కాపురముంటున్న, కీర్తిశేషులు చిట్టూరి సూర్యనారాయణ గారి కుమారుడు, రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన చిట్టూరి రామ్మోహనరావు అను నేను, డెబ్బై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. స్థిరబుద్ధితో ఉన్నట్టు రాయమంటారా అని లాయరుగారు అడిగారు. రాయమన్నాను. బుద్ధి స్థిరంగానే ఉంది. మనసు సంగతి ఆయన అడగలేదు, చట్టానికి అది అక్కర్లేదట.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఒకటి ఉంది. నా సమస్తమూ నా ఏకైక కుమారుడు జశ్వంత్‌కు చెందాలని అందులో రాశాను. ఇందుమూలముగా దాన్ని రద్దు చేస్తున్నాను. పోయేనాటికి వాడికి ముప్పై ఏడేళ్ళు. రెండేళ్ళ కిందట ఒక గురువారం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో వాళ్ళ ఆఫీసులో మీటింగు ముగించుకుని లేచి నిలబడ్డవాడు అలాగే పడిపోయాడు. గుండె ఆగిందన్నారు. కొడుకు పోయినందుకు తండ్రి వీలునామా మార్చుకోవలసి రావడం పగవాడికి కూడా వద్దు.

2. మేముంటున్న ఫ్లాటు నా స్వార్జితం. నా తదనంతరం నా భార్య రాజరాజేశ్వరి జీవితాంతం అందులో ఉండాలి. ఆమె తరువాత అది నా కోడలు వాసంతికి దాన, వినిమయ, విక్రయాది సర్వాధికారాలతో చెందుతుంది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా వాసంతిదే. ఈ ఇంట్లో కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టే మనిషి ఆమె ఒక్కతే.

3. నా భార్య తమ్ముడు రామచంద్రం ఈ మధ్య తరచూ ఫోను చేస్తున్నాడు. "బావగారూ, కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే హక్కు పోతుందని ఒక్క ముక్క రాయించండి. ఆస్తి గడప దాటకుండా ఉంటుంది" అని అతని సలహా. అటువంటి షరతు ఏదీ ఇందులో లేదు. ఉందని ఎవరైనా వాదిస్తే ఈ వాక్యం చూపించాలి. వాసంతి పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా ఆమెది ఆమెదే. రామచంద్రానికి నా గదిలో వేలాడే రోడ్డు గుర్తుల చార్టు ఇస్తున్నాను. అందులో దారి ఇవ్వమని చెప్పే గుర్తు తలకిందుల త్రికోణంలో ఉంటుంది. వెతుక్కునే శ్రమ లేకుండా ఎర్ర సిరాతో చుట్టి పెట్టాను.

4. ఇక బండి. 1962 మోడల్ ఫియట్ 1100 కారు, స్టీరింగు పక్కన గేరు కర్ర ఉండేది, నా మనుమరాలు రసజ్ఞకు ఇస్తున్నాను. పాపకు లైసెన్సు వచ్చే వయసు దాకా వాళ్ళమ్మ సంరక్షణలో ఉండాలి. ముందు సీటు ఎడమ పక్క తలుపుకు ఉన్న చిన్న త్రికోణపు అద్దాన్ని మాత్రం ఎప్పుడూ తిరిగేలా ఉంచాలి. మా పెళ్ళైన కొత్తల్లో రాజరాజేశ్వరి దాన్ని తనవైపు తిప్పుకుని, మొహానికి గాలి తగలనిచ్చి, అలాగే నిద్రపోయేది. ఆమె ఎక్కినప్పుడల్లా ఆ గాలి ఆమెది.

ఉద్యోగంలో ఉండగా అందరూ నన్ను బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనేవారు. నేను బండితో ఎనిమిది అంకె వేసి చూపించమంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్న మగాళ్ళున్నారు. జశ్వంత్ కూడా లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పాడు. వాణ్ణి పరీక్షించింది నా తోటి ఉద్యోగి. నేనే తప్పించమన్నానని రామచంద్రం ఇప్పటికీ అంటాడు. నేనేమీ అనలేదు. వాడు వెనక్కి వస్తూ నిజంగానే స్తంభాన్ని గుద్దాడు.

5. జశ్వంత్‌కు ఈ బండి అంటే చిన్నప్పటి నుంచీ సిగ్గు. బడి గేటు కనిపించకముందే దిగిపోయేవాడు. అలాంటివాడు, పోవడానికి ముందు ఆదివారం, నా పుట్టినరోజని, నాకు చెప్పకుండా సెల్లారులోకి వెళ్ళాడు. ఫోనులో వీడియో చూసుకుంటూ బండి కిందికి దూరి, గేరుబాక్సులో నూనె మార్చాడు. పైకి వచ్చేసరికి చొక్కా నిండా మడ్డి. "నాన్నా, మీరు వాడే నాలుగో నంబరు పాత వెర్షన్. ఐదులో నాలుగులో ఉన్నవన్నీ ఉంటాయి, పైగా ఇంకా ఎక్కువ. అప్‌గ్రేడ్ చేసేశాను" అన్నాడు.

గేర్ ఆయిల్ డబ్బా మీద జి.ఎల్.4 అనో జి.ఎల్.5 అనో ఉంటుంది. వాడి కంప్యూటర్ల లోకంలో అంకె పెరిగితే సరుకు మెరుగైనట్టు. ఇక్కడ అలా కాదు. ఐదో నంబరు వెనక యాక్సిలుకు మంచిది. అందులో గంధకం మందు ఎక్కువ, ఉక్కు పళ్ళను అది కాపాడుతుంది. ఈ పాత గేరుబాక్సులో గేర్ల వేగాలను కలిపే రింగులు ఇత్తడివి. మెత్తటి లోహం. ఆ మందు వాటిని కొద్దికొద్దిగా తినేస్తుంది.

ఖాళీ డబ్బా చూడగానే నోటిదాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను. "మంచి పని చేశావురా" అన్నాను. వాడికి తెలియకుండా తీసేసి పాత నంబరు పోసేద్దామని, మెకానిక్ నరేందర్‌ను ఆ వారాంతానికి రమ్మన్నాను. జశ్వంత్ ఊరుకోలేదు, "పదండి, ఒక రౌండు వేద్దాం" అన్నాడు. వాడే నడిపాడు. నార్సింగి మీదుగా కోకాపేట దాకా వెళ్ళి వచ్చాం. రెండో గేరు వేసినప్పుడల్లా గరగరమంది. "మీ బండికి కొత్త గొంతు వచ్చింది నాన్నా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వారాంతం రాకముందే వాడు పోయాడు.

6. ఆ నూనె నేను తీయలేదు. తీయలేకపోయాను. ఈ బండికి నా కొడుకు తన చేతులతో చేసిన పని అదొక్కటే. కర్మకాండలయ్యాక నరేందర్ వచ్చి, "సార్, గా నూనె ఇంకెన్ని దినాలుంచుతరు? ఇత్తడిని తింటది గది. మీరు ఊ అంటే గంటల తీసేస్త" అన్నాడు. ఊ అనలేదు. తరవాత అతనూ అడగడం మానేశాడు.

అప్పటి నుంచి బండి కదల్లేదు. ఆదివారాలు సెల్లారులో ఇంజను మాత్రం ఆడిస్తాను, గేరుబాక్సులో ఏదీ తిరగకుండా క్లచ్ తొక్కిపట్టి. కాసేపటికి మోకాలు లాగేస్తుంది, కాలు వణుకుతుంది. అయినా వదలను. కదలని వాహనం తొలగించమని అపార్టుమెంటు సంఘంవారు నోటీసు అంటించారు. వారు రాసినదాంట్లో తప్పేమీ లేదు.

7. నా తదనంతరం నరేందర్ ఆ నూనె తీసేసి జి.ఎల్.4, 80డబ్ల్యూ90 చిక్కదనంది పోయాలి. రెండు నంబర్లూ కలిపి అచ్చేసిన డబ్బా కూడా వద్దు. షాపువాడు "అన్నిటికీ ఇదే సార్" అంటే మాట్లాడకుండా లేచి రావాలి. గేరుబాక్సు పక్కనున్న బిరడా అంచు దాకా నిండి కారడం మొదలైతే చాలు. నా పనిముట్లు, జాకీ, స్టాండ్లు నరేందర్‌కు ఇస్తున్నాను.

8. పై షరతు దాకా లాయరుగారు చదివి వినిపిస్తుండగా వాసంతి కాఫీ తెచ్చింది. కప్పులు పెట్టేసి వెళ్ళలేదు, అక్కడే నిలబడి విన్నది. చివర్లో, "మీరు ఆ బండిని అలా ఉంచారు కదా మామయ్యగారూ, నేను కూడా ఆయన బూట్లు అలాగే ఉంచానండి. మీరు తీసేదాకా నేనూ తీయకూడదనుకున్నాను" అంది. ఆమెతో పనిచేసే శివ అనే అబ్బాయి, భార్య పోయినవాడు, పెద్దల ద్వారా పెళ్ళికి అడిగించాడని, మామయ్యగారికి ఏమని చెప్పనని ఈమె వద్దందని, రాజరాజేశ్వరి నాకు ఎప్పుడో చెప్పింది. విని ఊరుకున్నాను. నేను తొక్కిపట్టిన క్లచ్ మీదే ఆ పిల్ల కాలూ ఉందని నాకు తట్టలేదు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. నేను పోయేదాకా ఆగమనడానికి నేనెవణ్ణి?

కనుక ఏడో షరతులో నూనె తీసే పని వరకు "నా తదనంతరం" అన్న మాట రద్దు చేస్తున్నాను. వచ్చే ఆదివారం నూనె దిగే అడుగు బిరడా నేనే విప్పుతాను. వాసంతి పక్కన ఉండాలి. అప్పటికి నేను లేకపోతే నరేందర్ విప్పాలి.

9. తీసిన నూనెను ట్రేతో సహా ఎండలో పెట్టి చూడాలి. ఇత్తడి అరిగి ఉంటే అందులో సన్నని మెరుపు కనిపిస్తుంది. బండి మళ్ళీ కదల్లేదు గనక, ఆ మెరుపు చాలావరకు ఆ ఆదివారం మేమిద్దరం తిరిగినదే. చూశాక దాచకూడదు. పాత నూనె కొనేవాళ్ళకు ఇచ్చేయాలి.

ఇందులోని ప్రతి మాటా చదివించుకుని, విని, ఏడుస్తూనే అయినా తెలిసి సంతకం చేస్తున్నాను.

పుప్పాలగూడ, 19 నవంబరు 2025
(సం.) చిట్టూరి రామ్మోహనరావు

మా ఎదుట సంతకం చేశారు:
1. బాలనర్సయ్య, పక్క ఫ్లాటు
2. ఆదర్శ్, జశ్వంత్‌తో పనిచేసిన మిత్రుడు

అనుబంధం, నా చేతిరాతతో

నరేందర్ టైర్లు, బ్రేకులు ముందే సరిచేసి పెట్టాడు. ఈ రోజు నూనె తీశాం. మెరుపు ఉంది. వాసంతి చాలాసేపు చూసింది. తరవాత తనే ట్రే ఎత్తి నరేందర్ తెచ్చిన డబ్బాలో వంచేసింది. కొత్త నూనె పోశాం. నేను పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె నడిపింది. నార్సింగి మీదుగా కోకాపేట దాకా వెళ్ళాం. రెండో గేరు వేసినప్పుడల్లా ఇద్దరం చెవులు రిక్కించాం. చప్పుడు లేకుండా పడింది.

23 నవంబరు 2025
(సం.) చిట్టూరి రామ్మోహనరావు
సాక్షులు: బాలనర్సయ్య, ఆదర్శ్