మూడు మిస్డ్ కాల్స్ అంటే ఔట్

11 అక్టోబర్ 2011, మంగళవారం

కేబుల్ భీమన్న క్రికెట్ చానెల్ తీసేసిండు. చెప్పలే, అడగలే. పొద్దుగాల రిమోట్ ఒత్తుతుంటే ఆ నంబర్ల ఎవరో వజ్రాల ఉంగరాలు అమ్ముతున్నరు. కోరుట్లల బీడీలు చేసుకునేటోళ్ళకు వజ్రాల ఉంగరాలు!

శుక్రవారం ఇంగ్లండ్ తోని మొదటి వన్డే. అదీ మన హైదరాబాద్ల.

ఇది తెలుగుల రాస్తున్న. మా అత్త హలీమాబీకి ఉర్దూ చదువస్తది, తెలుగు రాదు. మల్యాల సర్కారు బడిల చదివినందుకు నాకు మిగిలిన లాభం గిదొక్కటే. అత్తను అమ్మీ అని పిలుస్త. అమ్మీ ముంగట మొగని పేరు గూడ అనను. ఈడ ఎవరు అడ్డం? ఫరూఖ్. ఫరూఖ్. ఫరూఖ్.

ఫరూఖ్ షార్జా పోయి రెండేండ్లు. వాళ్ళ క్యాంపుల టీవీ ఉంది గని క్రికెట్ ప్యాకేజీ లేదట. పెండ్లయిన కొత్తల ఇద్దరం ఒక్క పళ్ళెంల తినుకుంట మ్యాచ్ చూసేటోళ్ళం. అంపైర్ ఎల్బీ ఇయ్యకుంటే వాని ఖాన్దాన్ మొత్తాన్ని తిట్టేటోడు. గసొంటోడు మ్యాచ్ లేకుంట ఎట్ల బతుకుతడు? అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నం. నేను ఈడ చూసుడు, ఫోన్ కొట్టుడు. ఫోర్ అయితే ఒక మిస్డ్ కాల్, సిక్స్ అయితే రెండు, ఔటయితే మూడు. ఆట అయిపోయినంక ఆయన దిక్కు నుంచి ఒక రింగ్. అందింది, మంచిగున్న అని. ఇద్దరిల ఎవ్వరు ఎత్తొద్దు. ఎత్తితే బ్యాలెన్స్ గోవింద.

రంజాన్ పండుగ నాడు మాట్లాడిండు. అటెన్క మాట లేదు. నేను చేసినా ఎత్తడు, మిస్డ్ కాల్ అనుకుంటడు గావచ్చు. గని పోయిన నెల ఇండియా మ్యాచులు ఉన్నన్ని రోజులు రింగ్ తిరిగి అచ్చింది. మ్యాచులు అయిపోయినయి, రింగులు ఆగినయి. శుక్రవారం ఎప్పుడస్తదా అని కూసున్న. గిప్పుడేమో చానెలే లేదు.

నాకు బుగులైతుంది. తెలుగుల రాస్తున్న గాబట్టి రాస్తున్న.

12 అక్టోబర్

భీమన్న దుకాణంకు పోయిన. చెల్లె, అది పే చానెల్, పైనోళ్ళు కట్ చేసిన్రు, నా చేతుల ఏం లేదు అన్నడు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తుంటే జనమంత న్యూస్‌కు అతుక్కపోయిన్రట, క్రికెట్ కావాలన్నది నేనొక్కదాన్నేనట. తెలంగాణ అచ్చినంక చూడరాదు అన్నడు. తెలంగాణ అచ్చెదాక బౌలర్ బాల్ పట్టుకొని నిలబడ్తడా అన్న. కూసున్నోళ్ళంత నవ్విన్రు. నాకు నవ్వు రాలే.

డిష్ పెట్టించుకో, అండ్ల స్పోర్ట్స్ ప్యాకేజీ వేరేగ ఉంటది అని సలహా గూడ ఇచ్చిండు. పెద్ద తెలివి.

నేను సమ్మెకు ఎదురా? రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్నాడు నేను గూడ పోయి రొట్టెలు చేసిన, పొయ్యి పొగకు కండ్లు మండినయి. గని తెలంగాణకు, మ్యాచ్‌కు ఏం దుష్మనీ?

14 అక్టోబర్, శుక్రవారం, మజ్జన్నం రెండున్నర

కరెంటు గూడ లేదు. బొగ్గు బాయిలు బంద్, కోత మీద కోత. టాస్ పడ్డట్టుంది. చాట ఒళ్ళె పెట్టుకొని బీడీల ఆకు కత్తిరిస్తున్న. వంకర టింకర పోతున్నయి.

అదే రోజు, మగ్రిబ్ నమాజ్ అయినంక

ఫోన్ మోగింది. ఒక్క రింగ్. ఫరూఖ్ నంబర్!

ఎప్పుడు ఆట అయినంకనే ఇచ్చేటోడు, ఇయ్యాల మధ్యలనే ఇచ్చిండు. ఏమైంది, స్కోర్ ఏది అని అడిగినట్టు. నా పానం లేసచ్చింది. గని చానెల్ లేదు, కరెంటు లేదు అని ఎట్ల చెప్పాలె? గా ముచ్చటకు మేము మిస్డ్ కాల్ పెట్టుకోలే. మొదలుపెట్టిన ఇగ. ఫోర్. ఫోర్. ఔట్. సిక్స్. చీకట్ల కూసోని ఒక్కదాన్నే ఇన్నింగ్స్ మొత్తం ఆడిన. నాకు బుద్ధి పుట్టినప్పుడు కొట్టిచ్చిన, బుద్ధి పుట్టినప్పుడు ఔట్ చేసిన. ఆఖరుకు అటు నుంచి ఒక రింగ్.

మంచిగున్నడు. అల్లా, సల్లగుండాలె.

15 అక్టోబర్

పేపర్ల చూసిన. మనోళ్ళు గెలిచిన్రు. నిన్న నేను ఆడిన ఆట యాది చేసుకుంట వేళ్ళ మీద లెక్కపెడితే పదకొండు మంది ఔట్! పది వికెట్లు పడితే ఆట ఖతం గద, పదకొండోడు ఏడికెళ్ళి అచ్చిండు? మజ్జన్నం దాక నవ్వుకున్న. ఫరూఖ్ ఇగ ఆగడు, ఫోన్ చేస్తడు, అరే పాగల్, పదకొండోది ఎవని వికెట్, అంపైర్‌దా అని తిడ్తడు అని ఫోన్ ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుట్టిన.

చెయ్యలే.

16 అక్టోబర్

ఫరూఖ్ గట్ల ఊకునే మనిషి కాదు.

17 అక్టోబర్, సోమవారం

ఇయ్యాల ఢిల్లీల రెండో మ్యాచ్. చానెల్ ఇంక రాలే. నేను స్కోర్ పంపలే. వరుసగ నాలుగు మిస్డ్ కాల్స్ ఇచ్చి ఆపిన. మా లెక్కల నాలుగుకు అర్థమే లేదు.

కొంచెం సేపటికి ఒక రింగ్ అచ్చింది.

ఏడు ఇచ్చిన. ఒక రింగ్ అచ్చింది.

20 అక్టోబర్

ఇంకో మ్యాచ్ నడుస్తుంది గావచ్చు. చూడబుద్ధి అయితలేదు, అడుగబుద్ధి అయితలేదు.

అమ్మీ నా మొకం చూసి పట్టేసింది. ఏమాయె అని అడిగితే సగమే చెప్పిన. రింగ్ అస్తుంది గద బిడ్డా, రింగ్ ఇచ్చేటోడు బతికి ఉన్నట్టే గద, ఊకె తవ్వకు అన్నది. అని మళ్ళ తస్బీ పట్టుకున్నది, గని పూసలు కదుల్తలెవ్వు.

ఇంట్ల ఇద్దరం ఉన్నం. ఇద్దరం ఒక్కొక్కరమే ఉన్నం.

23 అక్టోబర్, ఆదివారం

రీచార్జ్ చేయించిన. ఈసారి మిస్డ్ కాల్ కాదు, ఎత్తెదాక కొట్టాలె అనుకున్న. కట్ అయ్యెదాక మోగింది. మళ్ళ కొట్టిన. మళ్ళ. ఎత్తిండు.

హలో అన్నది ఫరూఖ్ కాదు.

ఎవరు నువ్వు, ఆయన ఫోన్ నీ కాడ ఎందుకుంది అని ఒర్లిన. వదినె, జర ఆగు, తిట్టకు అన్నడు. పేరు దుర్గయ్య. మన సిరిసిల్ల దిక్కు, ఎల్లారెడ్డిపేట. ఇద్దరు ఒక్క రూముల ఉండేటోళ్ళట. కంపెనోళ్ళు జీతాలు ఆపితే, పండుగ అయినంక ఫరూఖ్ చెప్పకుంట బయట పనికి పోయిండట. గట్ల పోయినోళ్ళను ఆడ ఖల్లివెల్లి అంటరట. పాస్‌పోర్ట్ కంపెనీ కాడనే ఉండిపోయింది. దొరికితే జైలు. ఫోన్ మీద పట్టుకుంటరని భయపడి సిమ్ తీసి ఈయన చేతుల పెట్టిండట. ఇంటి నుంచి రింగులు అస్తయి, ఎత్తకు, ఆగినంక ఒకటి తిరిగియ్యి, లేకుంటే వాళ్ళు పరేషాన్ అయితరు అని చెప్పి పోయిండట. మొదట్ల ఒకసారి ఎవరి ఫోన్ కెళ్ళో ఈయనకు చేసిండట. గిప్పుడు ఏడున్నడో తెల్వదట.

పదకొండు వికెట్లు ఎట్ల నమ్మినవ్ అని అడిగిన. గప్పుడు అడగాల్సిన మాటనా గది? నోట్లకెళ్ళి గదే అచ్చింది. ఆయనకు క్రికెట్టే రాదట. ఫోర్ ఏందో ఔట్ ఏందో ఎర్క లేదు. రింగులు అస్తే మంచిగనిపిస్తదట. తల్లి లస్మవ్వ సచ్చిపోయినంక ఆయనకు ఇంటి నుంచి ఫోన్ చేసేటోళ్ళు లేరట. నా రింగులు నెల దినాలు బంద్ అయ్యేసరికి ఎవరికేమైందో అని బుగులై, ఆ శుక్రవారం సుట్టి నాడు తనే ఒకటి ఇచ్చిండట. నేనేమో ఫరూఖ్ స్కోర్ అడిగిండనుకొని ఎగిరి గంతేసిన.

ఫరూఖ్ జాడ తీస్తనన్నడు. దోస్తులను అడుగుతనన్నడు. అంతల బ్యాలెన్స్ అయిపోయింది.

ఫరూఖ్, నీకు దండం పెడ్త. ఆపద అచ్చిందని నాకు చెప్తే నేనేమన్న అంటుంటినా? రింగ్ ఇయ్యనీకి మనిషిని పెట్టి పోతవా? ఎదురుంగ ఉంటే చెంప పలగ్గొడుదును. ఏడ పంటున్నవో. ఏం తింటున్నవో. ఎవరితోని మాట్లాడుతున్నవో.

అమ్మీకి ఏం చెప్పలే.

25 అక్టోబర్, మంగళవారం

సమ్మె ఆగింది. భీమన్న చానెల్ ఇచ్చిండు. ఇంటి ముంగటికెళ్ళి పోతూ, చెల్లె, ఇగ చూసుకో అని కేకేసిండు.

ఫోర్ పడ్డది. ఫోన్ ముట్టలే. ఇంకోటి పడ్డది. వికెట్ గూడ పడ్డది.

ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది.

అమ్మీ తలుపుల కాడికి అచ్చి, ఫరూఖేనా అన్నది.

అవునన్న.

దుర్గయ్యకు ఒకటి తిరిగిచ్చిన.